టోపీ తీయని టాలిక్

నేను ఒక టోపీని. నల్లని రంగు, ఎత్తైన నడిబుర్ర, చుట్టూ వెడల్పాటి అంచు. మీ తెలుగులో ఒకరికి టోపీ పెట్టడమంటే మోసం చేయడమని అర్థమట. ఆ మాట విన్నప్పుడు మనసు చివుక్కుమంది. నేను ఏ తల మీద ఎక్కువకాలం ఉన్నానో ఆ తల ఎవరినీ మోసం చేయలేదు. చేసి ఉంటే దాని బతుకు ఇంకాస్త సుఖంగా వెళ్ళిపోయేది.

ఆ తల ఆంబ్రోస్ టాలిక్ అనే ఆయనది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో, హాలోబ్రిడ్జ్ అనే చిన్న ఊరి తరఫున పార్లమెంటులో కూర్చున్న మనిషి. ఆయన పేరు మీరు విని ఉండరు. ఆయన కాలంలో కూడా పెద్దగా ఎవరూ వినలేదు. రాజుల కథలు చెప్పడానికి కిరీటాలున్నాయి. ఇలాంటి వాళ్ళ కథ చెప్పడానికి నాబోటి టోపీలే దిక్కు.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. సముద్రం అవతల చలిదేశపు ఏరుల్లో బీవర్ అనే జంతువు ఉంటుంది. దాని మెత్తని బొచ్చు ఓడెక్కి లండన్ చేరింది. అక్కడ నన్ను మరిగే నీళ్ళలో ముంచారు, పిసికారు, రుద్దారు, చెక్కదిమ్మకు తొడిగి ఒత్తారు, నల్లరంగు పట్టించారు. అంత యాతన పడితేగాని టోపీకి నిటారుగా నిలబడటం రాదు. మనుషులకు మాత్రం ఆ విద్య పుట్టుకతోనే వస్తుందనుకునేదాన్ని. చాలామందికి చచ్చేదాకా అది రాదని తర్వాత తెలిసింది.

ఆంబ్రోస్ నన్ను కొనడానికి వచ్చినప్పుడు ఆయన భార్య జుడిత్ వెంట ఉంది. ఆయన ఉన్నిబట్టల వ్యాపారి. బండలాంటి మనిషి, నింపాదైన మాట. అప్పుడే పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఎన్నికంటే మీరనుకునేది కాదు. హాలోబ్రిడ్జ్ చుట్టుపట్ల భూములన్నీ లార్డ్ ఆస్కెట్ అనే జమీందారువి. ఆయన ఎవరి పేరు చెబితే ఊరు ఆ పేరే పలకడం తాతలనాటి ఆనవాయితీ. ఆ ఏడు మాత్రం మగ్గాలవాళ్ళూ అద్దకాలవాళ్ళూ టౌన్‌హాలులో నిలబడి, జమీందారు మనిషి ముఖం మీదే "టాలిక్, టాలిక్" అన్నారు. ఆంబ్రోస్ అడిగి తెచ్చుకున్న పదవి కాదది. వద్దనడానికి కారణం దొరకక ఒప్పుకున్నాడు.

దుకాణంలో నన్ను తల మీద పెట్టుకుని అద్దంలో చూసుకుని ముఖం చిట్లించాడు.

"మరీ ఇంత ఎత్తెందుకు? గుమ్మాలకు తగులుతుంది."

"కాస్త వంగి వెళ్తే తగలదండీ," అన్నాడు దుకాణదారు.

"ఈయన వంగరు," అంది జుడిత్. "గుమ్మాలే చూసుకోవాలి."

అలా నేను ఆయనదాన్నయ్యాను.

ఆ రోజుల్లో టోపీ అంటే ఎండకూ వానకూ కాదు. ఎవరు ఎవరి ముందు టోపీ తీస్తారన్న దాన్ని బట్టే లోకం నడిచేది. జమీందారు ఎదురైతే రైతు తీయాలి. రాజు ఎదురైతే జమీందారు తీయాలి. న్యాయస్థానంలో ప్రమాణం చేసేటప్పుడు అందరూ తీయాలి. పార్లమెంటు సభలో కూర్చున్న సభ్యుడు మాత్రం టోపీ పెట్టుకునే ఉండవచ్చు. అది అతని హక్కు. మాట్లాడటానికి లేచినప్పుడు తీస్తాడు, కూర్చోగానే మళ్ళీ పెట్టుకుంటాడు. ఆంబ్రోస్ ఎక్కువగా కూర్చునే ఉండేవాడు కనుక నాకు పెద్ద శ్రమ ఉండేది కాదు. ఆయన నోరు తెరిచి మాట్లాడిన సందర్భాలు చాలా తక్కువ. అయితే ఏదైనా పన్ను కూడదనాలన్నా, ఎవరినైనా విచారణ లేకుండా జైల్లో పెట్టడం తప్పనాలన్నా "కాదు" అనే గొంతుల్లో ఆయనది అందరికంటే స్పష్టంగా వినిపించేది. పక్క బల్లల వాళ్ళు నవ్వేవారు. "హాలోబ్రిడ్జ్ గంట మోగింది" అనేవారు.

ఒక్కో ఊరికి ఇద్దరు సభ్యులు. హాలోబ్రిడ్జ్ రెండో సభ్యుడు గిల్బర్ట్ రెన్విక్, వకీలు. సన్నని మనిషి, చక్కని మాటకారి. అతని మాటకు రాళ్ళు కూడా తల ఊపేవి. ఇద్దరూ వెస్ట్‌మినిస్టరులో ఒకే ఇంట్లో అద్దెకుండేవారు. ఒకరు ఆలోచించేవారు, ఒకరు చెప్పేవారు. ఏది ఎవరి ఆలోచనో కొన్నాళ్ళకు ఇద్దరికీ గుర్తుండేది కాదు. అంత స్నేహం. పండగలకు గిల్బర్ట్ హాలోబ్రిడ్జ్ వస్తే జుడిత్ వండిపెట్టేది. టాలిక్ దంపతుల ఒక్కగానొక్క కొడుకు సైలస్ అతన్ని బాబాయ్ అని పిలిచేవాడు.

తర్వాత రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. ఆంబ్రోస్ పార్లమెంటు పక్షం. సైలస్ ఆ పక్షాన పోరుకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ కబురు వచ్చిన రోజు ఆంబ్రోస్ నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నా అంచును వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. ఏడవలేదు. ఆ వేళ్ళ బరువు నాకిప్పటికీ గుర్తు.

యుద్ధంలో రాజు ఓడాడు, బందీ అయ్యాడు. గెలిచిన సైన్యం రాజుపై విచారణ జరిపి తల తీయాలని పట్టుబట్టింది. ఆంబ్రోస్ మొండితనం నిజంగా అప్పుడే బయటపడింది.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం ఆయనా గిల్బర్టూ ఒక సత్రం పెరట్లో గుర్రాల కోసం ఎదురుచూస్తున్నారు. సత్రం యజమాని అక్కడే నీళ్ళు తోడుతున్నాడు. గిల్బర్ట్ గొంతు తగ్గించకుండానే అన్నాడు:

"రాజు తల మొండెం మీద ఉన్నన్నాళ్ళూ ఈ రావణకాష్ఠం ఆరదు, ఆంబ్రోస్. ఆ తల తీయాల్సిందే. తీసేవాళ్ళలో నేనూ ఉంటాను."

"ఏ చట్టం ప్రకారం?"

"చట్టం తర్వాత రాసుకుందాం."

"అయితే మనం ఇన్నాళ్ళూ పోట్లాడింది దేని మీద? చట్టం తర్వాత రాసుకుంటానన్నందుకే కదా ఆయన మీద కత్తి పట్టాం."

"నీ కొడుకును చంపినవాడు ఆయన," అన్నాడు గిల్బర్ట్.

"నా కొడుకు పేరు ఈ పనికి వాడుకోకు," అన్నాడు ఆంబ్రోస్. గుర్రం రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి భోంచేయలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆంబ్రోస్ సభకు వెళ్ళేసరికి మెట్ల మీద సైనికులు బారులు తీరి ఉన్నారు. రాజు విచారణకు ఒప్పుకోని సభ్యులను లోపలికి రానివ్వకూడదని సైన్యం నిర్ణయించింది. ద్వారం దగ్గర ఒక అధికారి. సభ్యుల ముఖాలు అతనికి తెలియవు. అందుకని తెలిసిన మనిషిని పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ మనిషి గిల్బర్ట్.

ఆంబ్రోస్ చివరి మెట్టు ఎక్కాడు. గిల్బర్ట్ ఆయన కళ్ళలోకి చూడలేదు. నా వైపు చూశాడు. గడ్డం కొంచెం ఎత్తి, దించాడు. అంతే. అంత చిన్న కదలికతో ఎంత పెద్ద స్నేహం తెగుతుందో నేనారోజు చూశాను.

"మీరు లోపలికి వెళ్ళడానికి వీల్లేదు," అన్నాడు అధికారి.

"నన్ను పంపింది హాలోబ్రిడ్జ్. వద్దనాలంటే హాలోబ్రిడ్జే అనాలి. మీరెవరు?"

"నాకు ఆజ్ఞ ఉంది."

"నాకు ఊరుంది," అని ఆంబ్రోస్ ముందుకు నడిచాడు.

ఇద్దరు సైనికులు భుజాలు పట్టుకున్నారు. పెనుగులాటలో నేను జారి తడిమెట్ల మీద పడ్డాను. ఒక బూటు నా మీదుగా వెళ్ళింది. ఆంబ్రోస్ వంగి నన్ను తీసుకుని, బురద తుడవకుండానే తల మీద పెట్టుకున్నాడు. నల్లనీళ్ళు ఆయన చెవి వెంట కారాయి. ఆయనను, ఆయనలాంటి మరికొందరిని పక్కనున్న ఒక పూటకూళ్ళ ఇంట్లో బంధించి, తర్వాత వదిలేశారు. లోపల మిగిలినవాళ్ళు తాము అనుకున్నది చేశారు. రాజు తల తెగింది.

ఆంబ్రోస్ ఊరికి తిరిగి వచ్చాడు. కొత్త ప్రభుత్వానికి విధేయుడినని అందరూ ప్రమాణం చేయాలన్నారు. ఈయన చేయనన్నాడు. దాంతో రాజభక్తులు సంబరపడి ఇంటికొచ్చారు. చచ్చిన రాజు పేరు చెప్పి మద్యం పోసి, టోపీ తీసి తాగమన్నారు.

"ఆయన్ను చంపడం తప్పన్నాను. ఆయన మంచివాడని ఎప్పుడన్నాను?" అన్నాడు ఆంబ్రోస్. నన్ను తీయలేదు. వాళ్ళు గ్లాసులు అక్కడే వదిలి వెళ్ళిపోయారు.

అలా రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. వీళ్ళకు వాళ్ళ మనిషి, వాళ్ళకు వీళ్ళ మనిషి. బట్టల బేరాలు సన్నగిల్లాయి. చర్చిలో ఆయన పక్కన బల్ల ఖాళీగా ఉండేది. "హాయిగా కాళ్ళు చాపుకోవచ్చు," అనేది జుడిత్. ఆమె నవ్వుతూనే అనేది. కానీ గిల్బర్ట్ పేరు వినబడితే మాత్రం ఆమె ముఖం రాయిలా మారిపోయేది. గిల్బర్ట్ కొత్త ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్నాడు. ఎర్రటి లైనింగు వేసిన కోటు తొడిగేవాడని విన్నాం.

కాలం మళ్ళీ తిరగబడింది. సైన్యాధిపతుల పాలన కూలింది. చచ్చిన రాజు కొడుకు విదేశం నుంచి వచ్చి సింహాసనమెక్కాడు. హాలోబ్రిడ్జ్ వీధుల్లో మంటలు వేసి నాట్యమాడారు. నిన్నటిదాకా కొత్త ప్రభుత్వానికి జేజేలు కొట్టిన గొంతులే ఇవీ. ఎగరేసిన టోపీలు కూడా అవే. నా జాతి గురించి నాకు కొంచెం సిగ్గేసింది.

పాత లార్డ్ ఆస్కెట్ పోయాడు. ఆయన రెండో కొడుకు సర్ ఎడ్మండ్ ఇప్పుడు రాజుగారి తరఫున విచారణాధికారి. ఒకరోజు స్వయంగా ఆంబ్రోస్ ఇంటికి వచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చుని మర్యాదగా మాట్లాడాడు.

"గిల్బర్ట్ రెన్విక్‌ను పట్టుకున్నాం. రాజుగారి మరణశాసనం మీద వాడి సంతకం లేదు. కానీ ఆయన తల తీయాలని సత్రంలో బాహాటంగా అన్నాడని సత్రం యజమాని సాక్ష్యం చెప్పాడు. రాజద్రోహానికి ఇద్దరు సాక్షులు కావాలి. రెండోవాడివి నువ్వే. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు. వచ్చే పార్లమెంటులో హాలోబ్రిడ్జ్ సీటు నీదే. మా నాన్న నీకు అడ్డుపడ్డాడు, నేను పడను."

"మీ దయ," అన్నాడు ఆంబ్రోస్.

సర్ ఎడ్మండ్ వెళ్ళాక జుడిత్ తలుపు వేసి వచ్చింది. అంత సంతోషంగా ఆమెను చూసి చాలా ఏళ్ళయింది.

"రేపే వెళ్ళి చెప్పండి."

"చెప్పను."

"ఎందుకని? అబద్ధమాడమనటం లేదుగా. వాడన్నాడు, మీరు విన్నారు. అది నిజమా కాదా?"

"నిజమే."

"మరి?"

"ఆ నిజంతో వాళ్ళేం చేస్తారో తెలుసు కదా జుడిత్. వాణ్ణి ఊరితీసి, బతికుండగానే కోస్తారు. అది కూడా ఒక మాట అన్నందుకు. ఆ మాట అన్ననాడు ఊళ్ళో సగం మంది అదే అన్నారు. ఈ ఆస్కెట్ మామగారు కూడా అన్నాడు. ఆయన ఇవాళ రాజుగారి బల్ల మీద భోంచేస్తున్నాడు."

"మిమ్మల్ని తలుపు దగ్గర పట్టిచ్చినప్పుడు వాడికి ఇవన్నీ గుర్తొచ్చాయా?"

"రాలేదు."

"సైలస్ వాణ్ణి బాబాయ్ అని పిలిచేవాడు. ఆ పిలుపు గుర్తొచ్చిందా?"

జుడిత్ గిన్నెలు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆ ఇంట్లో ఉప్పు అందించడానికి తప్ప మాటల్లేవు. నేను గోడకున్న మేకుకు వేలాడుతూ ఇద్దరినీ చూశాను. ఇద్దరిదీ న్యాయమే. టోపీకి తీర్పు చెప్పే పని లేకపోవడం ఎంత అదృష్టమో ఆ వారంలోనే తెలుసుకున్నాను.

విచారణ టౌన్‌హాలులో. ఊరంతా వచ్చింది. ఒక మూల ఇద్దరు కాపలావాళ్ళ మధ్య గిల్బర్ట్. ఎర్ర లైనింగు కోటు లేదు. జుట్టు నెరిసి, భుజాలు కుంగి ఉన్నాయి. చేతికి సంకెళ్ళు. ఆంబ్రోస్ లోపలికి రాగానే అతను తల దించుకున్నాడు. తన ప్రాణం ఈయన నాలుక మీద ఉందని అతనికి తెలుసు. ఈయన నాలుక అబద్ధమాడదని కూడా తెలుసు. చావు అప్పుడే ఖాయమైపోయినట్టు ఉంది అతని ముఖం.

నిజమే, అదే చిక్కు. ప్రమాణం చేస్తే ఆంబ్రోస్ అబద్ధం చెప్పడు. నిజం చెబితే మనిషి చస్తాడు. కాబట్టి ప్రమాణమే చేయకూడదు. ప్రమాణం టోపీ తీసే చేయాలి.

గుమాస్తా బైబిలు ముందుకు చాపాడు. "టోపీ తీయండి, టాలిక్ గారూ."

"తీయను."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సర్ ఎడ్మండ్ కూడా చిరునవ్వు నవ్వాడు. "చలిగా ఉందా? పొయ్యి దగ్గరకు జరుగు."

"చలి లేదండి. తీయను, అంతే."

"ఇది రాజుగారి న్యాయస్థానం."

"అయ్యుండొచ్చు. నేను సాక్షిని కాను."

"ఆ సత్రం పెరట్లో నువ్వు లేవా?"

"నా చేత ప్రమాణం చేయించకుండా అడిగితే ఏ సమాధానమైనా గాలికబురే. ప్రమాణం నేను చేయను. ముందు మీరు మనుషుల్ని మాటలకు చంపడం మానండి, అప్పుడు నా టోపీ సంగతి ఆలోచిద్దాం."

సర్ ఎడ్మండ్ చిరునవ్వు ఆరిపోయింది. కళ్ళతో సైగ చేశాడు. బంట్రోతు చేతికర్ర ఎత్తి నన్ను కొట్టాడు. నేను ఎగిరి బల్లల మధ్య పడ్డాను. నా బుర్ర ఒక పక్క సొట్టపోయింది. గుమాస్తా గబుక్కున బైబిలు ఆంబ్రోస్ చేతి కింద పెట్టబోయాడు.

ఆంబ్రోస్ చేయి వెనక్కు తీసుకున్నాడు. "మీరు పడగొట్టిన టోపీ నేను తీసిన టోపీ కాదు," అన్నాడు.

గొంతు పెంచలేదు. సభలో "కాదు" అనేటప్పటి గొంతే అది. నింపాదిగా నడిచి వచ్చి, మోకాలి నొప్పితో కష్టంగా వంగి నన్ను తీసి పెట్టుకున్నాడు. మళ్ళీ పడగొట్టారు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంకోసారి నేను మూడో వరుసలో ఒక నేతగాడి కాళ్ళ దగ్గర పడ్డాను. ఆ నేతగాడి పేరు నాకు తెలియదు. వాడు నన్ను తీశాడు, చేత్తో దుమ్ము దులిపాడు, ఆంబ్రోస్‌కు తెచ్చి ఇచ్చాడు. ఇచ్చాక తన చేతిలో ఉన్న టోపీ తన తల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతని పక్కవాడు కూడా పెట్టుకున్నాడు. ఒకటొకటిగా హాలులో టోపీలు తలల మీదికెక్కాయి. అందరూ ఎక్కించుకోలేదు. ముందు వరుసవాళ్ళు చేతుల్లో నలుపుతూనే కూర్చున్నారు. అయినా నా జాతి గురించి అంతకుముందు పడ్డ సిగ్గు ఆ రోజుతో తీరిపోయింది.

"ధిక్కారం," అన్నాడు సర్ ఎడ్మండ్. "టోపీ తీసేదాకా జైల్లో ఉంచండి."

జిల్లా జైలు రాతిగోడలు చెమ్మతో కారుతుండేవి. ఆంబ్రోస్‌కు అరవై దాటాయి. గడ్డి మీద పడుకోవాలి. నన్ను తీయనని మంకుపట్టు పట్టాడు కనుక నిద్రలో కూడా నేను ఆయన తల మీదే. అది అవసరం లేదని చెబుదామనుకున్నాను, కానీ టోపీలకు నోరు లేదు.

జుడిత్ వచ్చింది. రొట్టె, ఉడికించిన మాంసం తెచ్చింది. కటకటాల అవతల నిలబడి చూసింది.

"వాడి కోసం మీరు ఇక్కడ చస్తారా?"

"వాడి కోసం కాదు."

"మరి దేనికోసం?"

ఆంబ్రోస్ దగ్గు ఆపుకుని చెప్పాడు. "రాజు ఉన్నప్పుడు ఆయన మనుషులు ఇదే చేశారు. సైన్యం వచ్చాక వాళ్ళూ ఇదే చేశారు. ఇప్పుడు మళ్ళీ వీళ్ళు. పగబట్టినవాడు గెలిచినప్పుడల్లా ఇంకొకడి నాలుక అప్పు అడుగుతున్నాడు. నాది ఇవ్వను. అంతకంటే పెద్ద కారణం లేదు, జుడిత్. ఉందని చెప్పను కూడా."

ఆమె కటకటాల్లోంచి చేయి పెట్టి నా అంచు కింద వేళ్ళు దూర్చి, సొట్టను లోపలినుంచి నొక్కి సరిచేయబోయింది. అది సరికాలేదు. "దరిద్రపు టోపీ," అంది. అప్పటినుంచి ఆమె జైలున్న ఊళ్ళోనే ఒక ఇంట్లో గది తీసుకుని ఉంది. వచ్చినప్పుడల్లా జైలరుతో పోట్లాడేది. గడ్డి మార్పించింది, కంబళి ఇప్పించింది. సర్ ఎడ్మండ్ కబురు పంపాడు, భర్తకు నచ్చజెప్పి టోపీ తీయిస్తే వెంటనే వదిలేస్తామని. "మా ఇంట్లో టోపీల పని ఆయనది, వంట పని నాది. వంట సంగతేదైనా ఉంటే నన్నడగండి," అని బదులు పంపింది.

చలికాలం గడిచింది. పెద్ద కోర్టులో విచారణ మొదలైంది. సాక్షి ఒక్కడే ఉన్నాడు. రాజద్రోహం నేరం నిలవలేదు. గిల్బర్ట్ ఆస్తి పోయింది, పదవి పోయింది, ప్రాణం మిగిలింది. ఇక ఆంబ్రోస్ ప్రమాణంతో ఎవరికీ పని లేకపోయింది. టోపీ తీయకుండానే ఆయనను బయటకు తోసేశారు.

వసంతంలో ఒక మధ్యాహ్నం గిల్బర్ట్ హాలోబ్రిడ్జ్ వచ్చాడు. నడిచే వచ్చాడు. జుడిత్ తలుపు తీసి అతన్ని చూడగానే గుమ్మానికి అడ్డంగా చేతులు చాపింది.

"ఇక్కడికి ఏ ముఖం పెట్టుకుని వచ్చావు?"

"ఉన్నది ఇదొక్కటే, వదినా," అన్నాడు గిల్బర్ట్.

పొయ్యి పక్కన కుర్చీలో కంబళి కప్పుకుని ఉన్న ఆంబ్రోస్ లోపలినుంచే అన్నాడు: "రానియ్యి జుడిత్. తలుపు దగ్గర మనుషుల్ని ఆపడం నాకు నచ్చదు."

గిల్బర్ట్ ఆ మాట విని గోడకు ఆనుకున్నాడు. కాసేపటికి లోపలికి వచ్చాడు. టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు చేశావని అడగను," అన్నాడు. "ఈ రుణం ఎలా తీర్చుకోవాలో చెప్పు."

"తీర్చుకునేదేం లేదు. నిన్ను క్షమించానని అనుకోకు, గిల్బర్ట్. క్షమించలేదు. ఆ మెట్ల మీద నువ్వు నా ముఖం కూడా చూడలేదు. అది నేను మరిచిపోను. నువ్వు ఆకలితో రోడ్ల మీద తిరిగావని విన్నప్పుడు నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. దేవుడి ముందు ఒప్పుకుంటాను. కానీ నిన్ను చంపే హక్కు నాకుందని నాకెప్పుడూ అనిపించలేదు."

గిల్బర్ట్ ఏడ్చాడు. జుడిత్ పొయ్యి వైపు తిరిగి నిలబడింది. తర్వాత ఒక గిన్నెలో వేడి చారు పోసి, బల్ల మీద పెట్టింది. అతని వైపు చూడలేదు. "చల్లారిపోతుంది," అంది గోడతో చెప్పినట్టు. అతను తిన్నాడు. తిని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. సముద్రం దాటి ఎక్కడో బడిపంతులుగా బతికాడని తర్వాత ఎవరో అన్నారు.

జైల్లో పట్టుకున్న దగ్గు ఆంబ్రోస్‌ను వదలలేదు. కోతలకు ముందే పోయాడు. ఎన్నికల్లో సర్ ఎడ్మండ్ తమ్ముడు పోటీ లేకుండా గెలిచాడు. అతని ఊరేగింపు బజారులోకి వచ్చిన రోజు జుడిత్ నన్ను తన తల మీద పెట్టుకుని నడివీధిలో నిలబడింది. నా సొట్ట ఒక పక్కకు, అంచు ఒక పక్కకు. మగవాళ్ళందరి టోపీలూ చేతుల్లోకి దిగాయి. నేను దిగలేదు. గుర్రం మీదున్న కొత్త సభ్యుడు ఆగి, "ఏమిటమ్మా ఇది?" అన్నాడు.

"ఆడవాళ్ళు టోపీ తీయాలని చట్టం లేదు బాబూ," అంది జుడిత్. "కావాలంటే లండన్ వెళ్ళి రాసుకో. మీకు అలవాటేగా."

అతను గుర్రాన్ని పక్కకు తిప్పుకుని వెళ్ళాడు. ఊరేగింపు మొత్తం ఆమె చుట్టూ చీలి, రెండుగా పారి, వెనకాల మళ్ళీ కలిసింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె బజారుకు నన్నే పెట్టుకుని వెళ్ళేది.

ఆమె తర్వాత నా బతుకు మామూలే. ఒక బండివాడి తల మీద వానల్లో నానాను. అతని కోడలు నన్ను బఠాణీ చేలో దిష్టిబొమ్మకు తొడిగింది. పక్షులు నాకు భయపడలేదు. అప్పటికి నేనెవరినీ భయపెట్టదలచుకోలేదు కూడా. తర్వాత ఒక తాపీమేస్త్రి, ఇంటికి దయ్యాలు రాకుండా ఉంటాయని, నన్ను పొగగూటి వెనక గోడలో పెట్టి మూసేశాడు. పాత వస్తువులను అలా గోడలో దాచడం ఆ దేశంలో ఒక నమ్మకం. అక్కడ ఎన్ని తరాలు గడిచాయో నాకు తెలియదు. అవతల పక్క పిల్లలు పుట్టే ఏడుపు, పెద్దలు పోయే ఏడుపు, మధ్యలో పొయ్యి చిటపటలు వినిపించేవి.

ఆ ఇల్లు పడగొట్టినప్పుడు నన్ను తీశారు. ఇప్పుడు ఒక చిన్న మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. ఎదురుగా ఒక అట్ట: "పురుషుడి టోపీ. పదిహేడో శతాబ్దం. దెబ్బతిన్నది." అంతవరకూ నిజమే.

జనం వస్తారు, చూస్తారు, వెళ్తారు. వాళ్ళ తలల మీద టోపీలు లేవు. ఎవరూ ఎవరి ముందూ తీయనక్కర్లేదు. బాగుంది, లోకం బాగుపడిందని మొదట్లో సంబరపడ్డాను. కానీ ఒక్కొక్కరి ముఖం చూస్తుంటే, వీళ్ళను కూడా ఎక్కడో ఎవరో ఏదో ఒకటి తీయమంటూనే ఉంటారని అనిపిస్తుంది. వేరే దానిని, వేరే మాటలతో, ఇంకాస్త మర్యాదగా. అప్పుడు వీళ్ళు ఏం పట్టుకుని నిలబడతారో నాకు తెలియదు.

మొన్న ఒక మధ్యవయసావిడ నా ముందు చాలాసేపు నిలబడింది. వెనకాల ఆమె పై అధికారి కాబోలు, వాచీ చూసుకుంటూ "పదండి, ఆలస్యమవుతోంది, ఆ సంతకం ఇవాళే కావాలి" అని తొందరపెడుతున్నాడు. ఆమె నన్నే చూస్తూ ఉంది. తర్వాత అతని వైపు తిరిగి నింపాదిగా చెప్పింది.

"నేను పెట్టనండీ."

అతను మళ్ళీ ఏదో అన్నాడు. ఆమె కదల్లేదు.